సున్నం కింద కొటారు

"అమ్మమ్మా, నిన్న డర్హమ్‌లో ఆ రెస్టారెంట్ గోడని ఎందుకు అలా టచ్ చేస్తూ కూర్చున్నావ్? రికార్డ్ ఆన్ చేశాను, చెప్పు."

ఆన్ చేశావా? సరే. అది ఒకప్పుడు పొగాకు గిడ్డంగి అని నువ్వే కదే చెప్పావు? ఆ గోడ చూడగానే మా కొటారు గుర్తొచ్చింది. కొటారంటే రాజుల కాలంలో ధాన్యం దాచిన రాతి గది. గదేంటి నా మొహం, ఈ అమెరికాలో మీ మోరిస్‌విల్ ఇళ్లు రెండు పడతాయి అందులో. కోట ఉన్న మా ఊళ్లో నా మొదటి టీచరుద్యోగం ఆ కొటారులోనే. అవునే, అప్పటికది బడి అయిపోయింది. ధాన్యం పోయాక దొరలు మందుగుండు పెట్టారట, కరువొస్తే అందులోనే గంజి పోశారట, ఆ తర్వాత మా పలకల పిల్లలు. ఇప్పుడు అద్దెకిచ్చే షామియానాలూ, పెళ్లి డేగిసాలూ పడేస్తున్నారు.

కిటికీ ఒక్కటి ఉండదు. కప్పుకి మాత్రం గుండ్రటి కన్నాలు. "ఎందుకు టీచర్?" అని పిల్లలడిగితే గాలికని చెప్పేశాను, పెద్ద తెలిసినదానిలా. మా అత్తగారు విని ఒకటే నవ్వు. "పైకెక్కి అందులోంచి వడ్లు పోసేవారే పిచ్చిదానా" అందావిడ. అప్పట్నుంచి ఆ కొటారంటే నాకు ఆరాటం. ఓ స్తంభం తడిమితే గాట్లు, పక్కన పాత అక్షరాలు. వడ్లు ఏ గాటు దాకా వస్తే ఎన్ని పుట్లో రాసుకున్నారన్నమాట. పుట్టి అంటే వడ్ల కొలతలే.

ఎక్కడున్నాను? ఆఁ, సున్నం. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. గోడలు నల్లగా ఉన్నాయని నేనే దగ్గరుండి సున్నం కొట్టించాను. రాలకుండా తుమ్మజిగురు కూడా కలిపించాను, నా తెలివి తగలెయ్య! సున్నం అప్పుడు బస్తా... ఎంతో, పోనీలే. గాట్లూ అక్షరాలూ అన్నీ మూసుకుపోయాయి. ఆయన మెచ్చుకుని కాఫీ తాగి వెళ్లాడు. నేను మురిసిపోయాను చూడూ, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పైన ఎవరెవరో ఏవేవో రంగులు వేశారు. ఇప్పుడేమో పడగొట్టి షాపులు కడతారట. పాతదనడానికి రుజువేది అని ఆఫీసర్లు అంటున్నారట. నా స్టూడెంట్ రమణయ్య, వాడికీ మనవలున్నారు ఇప్పుడు, పోయిన వారం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఆ రుజువు కప్పెట్టింది నేనేనని ఎలా చెప్పను? చెప్పేశాను. ప్రాణం తేలికపడింది.

ఇవాళ పొద్దున్న నువ్వు లేవకముందు, వీడియో కాల్‌లో వాణ్ణి కొటారులో నిలబెట్టాను. "ఎడమ పక్క మూడో స్తంభం, నీ నడుం ఎత్తున. గీకకు నాయనా, తుమ్మజిగురు నీళ్లకి కరుగుతుంది, గోనె తడిపి కప్పి ఉంచు" అన్నాను. బాగా నానాక వేలితో తీస్తే పొరలు పొరలుగా వచ్చింది. నీలం, పసుపు, అడుగున నా తెలుపు. దాని కింద గాటు. గాటు పక్కన కూడబలుక్కుంటే, 'పుట్టి' అని.

ఇద్దరం ఏడ్చాం. రేపు ఆఫీసర్లని తీసుకొచ్చి చూపిస్తాడట. ఆపుతారో లేదో తెలీదు తల్లీ.

నిన్న ఆ రెస్టారెంట్‌లో కూడా, కింద ఏముందోనని తడిమాను, అంతే. నువ్వు చల్లగా ఉండాలి. రేపు నీకూ ఓ ఇల్లొస్తుంది, రంగులు వేయిస్తావు. వేయించు, కానీ ముందు ఒక్కసారి గోడని చేత్తో...