ఆరు గంటల పట్టీ

"మీకు తెలుసు! ఎనిమిది నెలల నుంచి తెలుసు! నా కూతురు కంటికి పట్టీ కట్టుకోవట్లేదని తెలిసి కూడా ప్రతి నెలా నవ్వి, తల నిమిరి, చాక్లెట్ ఇచ్చి పంపించారు. మనుషులేనా మీరు?"

పిల్లల కంటి పరిశోధన విభాగంలో అదొక పరీక్ష గది. తలుపు అవతల మరో అయిదుగురు తల్లులు పిల్లలతో తమ వంతు కోసం కూర్చున్నారు. బట్టలు కుట్టి బతికే ఆ తల్లి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఏడేళ్ల కూతురు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఎడమ కంటికి చూపు తక్కువ; అది పనిచెయ్యాలంటే మంచి కంటిని రోజూ ఆరు గంటలు పట్టీతో మూసి ఉంచాలి.

"అమ్మా, ముందు కూర్చోండి. కాస్త నెమ్మదిగా. బయట జనం ఉన్నారు."

"ఉండనీ. ఇదేంటో చెప్పండి."

"ఏది?"

"అరచేతిలో ఉంది, కనబడట్లేదా? కంటి డాక్టరే కదా మీరు?"

"డాక్టర్ని కాదమ్మా, ఆప్టోమెట్రిస్టుని. చూపు కొలుస్తాను."

"కొలుస్తారు. ఆహా. కొలుస్తారని తెలిసే వచ్చాను. ఈ బిళ్ళ ఏంటి?"

"అది... మీకెక్కడిది?"

"పట్టీలోది. మీరిచ్చిన గుడ్డ పట్టీలోది. అంచు గుచ్చుకుంటోందని మొన్న పిల్ల అంటే సరిచేద్దామని చూశాను. ఒక కుట్టు చాలే చోట రెండున్నాయి. పాతికేళ్లుగా మిషను తొక్కుతున్నాను మేడం, ఏదో దాచిపెట్టి కుట్టిన కుట్టు నాకు తెలీదా? విప్పితే ఇది రాలింది."

"పట్టీ విప్పకూడదని చెప్పాం కదా. ఉతక్కూడదని కూడా చెప్పాం."

"ఎందుకు చెప్పారో ఇప్పుడు తెలిసింది. నెలనెలా పాత పట్టీ తీసేసుకుని కొత్తదిస్తుంటే, ఎంత శుభ్రమో వీళ్ళకి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా పక్క కొట్టు గడియారాల బాబాయి భూతద్దం పెట్టి చూశాడు. 'అమ్మాయ్, ఇది ఒంటి వేడి తగిలినంతసేపూ టైము రాసుకునే యంత్రం' అన్నాడు. అవునా, కాదా?"

"అది చిన్న సెన్సర్. పరిశోధనలో భాగం."

"అవునా, కాదా?"

"అవును."

"నెలనెలా చూసేవారా?"

"కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళం."

"చూసేవారా అని అడిగాను."

"...చూసేవాళ్ళం."

"నా పిల్లది ఎంతుంది?"

"ఆ వివరాలు ఇప్పుడే చెప్పకూడదు."

"నా కూతురి కన్ను నాకు చెప్పకూడదా? ఎవరికి చెప్తారు, గోడకా?"

"సగటున... రోజుకి పదకొండు నిమిషాలు."

"పదకొండు. ఆరు గంటలు కట్టాల్సిన చోట పదకొండు నిమిషాలు. అది చూసి మీరేం చేశారు?"

"నమోదు చేసుకున్నాం."

"నమోదు చేసుకున్నారు."

"మా పనే అదమ్మా. పిల్లలు ఇంట్లో పట్టీ నిజంగా ఎంతసేపు కట్టుకుంటారు, తల్లులు డైరీలో ఎంతని రాస్తారు, రెండిటికీ తేడా ఎంత. అది కొలవాలి. ముందే చెప్పేశామనుకోండి, అందరూ సరిగ్గా కట్టేస్తారు. అప్పుడు..."

"అప్పుడు?"

"అప్పుడు లెక్క పాడవుతుంది."

"కన్ను బాగవుతుంది! కన్ను బాగైతే మీ లెక్క పాడవుతుంది! మళ్ళీ అనండి ఆ మాట. పిల్ల మొహం చూసి అనండి."

"మీరు కోపంలో ఉన్నారు."

"కోపం కాదు, రోత. నీళ్ళలో మునుగుతున్న పిల్లని చెయ్యిచ్చి లాగకుండా, గట్టు మీద కూర్చుని ఎంత లోతుకి పోయిందో కర్ర పెట్టి చూసినట్టుంది. ఛీ!"

"మీరు ఫారం మీద సంతకం పెట్టారు. నాలుగో పేజీలో ఉంది, వాడకాన్ని నమోదు చేసే పరికరం అని."

"చీమ తలకాయంత అక్షరాలు. ఏం రాశారు మేడం అనడిగితే, 'మామూలు ఫారమేనమ్మా, ఇక్కడో సంతకం' అన్నదెవరు?"

"కౌంటర్లో అమ్మాయి అని ఉంటుంది."

"మీరే. ఈ కుర్చీలోనే కూర్చుని."

"సరే. ఇన్ని అడిగారు, నేనొకటి అడగనా? ఇదిగో మీ డైరీ. సోమవారం ఆరు గంటలు. మంగళవారం ఆరు గంటలు. జ్వరం వచ్చి పిల్ల మంచం దిగలేదన్న వారం కూడా ఆరు, ఆరు, ఆరు. ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే."

"మరి ఎందుకలా రాశారమ్మా?"

"పిల్ల ఏడుస్తుంది మేడం. మంచి కన్ను మూసేస్తే ఏమీ సరిగ్గా కనబడదు కదా. పట్టీ కడితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చేస్తారు. కన్నతల్లిని, ఎంతకని చూస్తాను?"

"నేను ఏడవలేదు."

"నువ్వూరుకో పిట్టా."

"ఏడవలేదాంటీ. అమ్మే తీసేస్తుంది."

"ఎందుకు తీసేస్తుందమ్మా?"

"సూదిలో దారం ఎక్కించడానికి. అమ్మకి బెజ్జం కనబడదు. పట్టీ ఉంటే నాకూ కనబడదు. ఈ ఒక్కటీ ఎక్కించు, తర్వాత కడతా అంటుంది. తర్వాత ఇంకో చొక్కా. తర్వాత తెల్ల దారం. తర్వాత నాకు నిద్రొచ్చేస్తుంది."

"పిట్టా..."

"నిజమే కదమ్మా?"

"...నిజమే."

"అయ్యో. అది మీకు దగ్గర చూపు తగ్గడమమ్మా, వయసుతో వచ్చేదే. కళ్ళద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. పది నిమిషాల పరీక్ష."

"పది నిమిషాలా? ఎనిమిది నెలలుగా నీ ముందుకొస్తున్నాను. కాగితం ఇస్తే చెయ్యంత దూరం చాపి చూస్తున్నాను. చూపు కొలిచే మనిషివి, నీ కంటికి ఆనలేదా అది?"

"మీరు మా పరిశోధనలో లేరు కదా. పిల్ల ఒక్కతే..."

"లేనా! డైరీ రాయడానికి ఉన్నాను. నా అబద్ధాలు లెక్కపెట్టడానికి ఉన్నాను. కళ్ళు చూడమంటే మాత్రం లేను."

"మీరే కదా తప్పు రాసింది?"

"నేనే. కాదన్నానా? మొదటి వారం పావుగంటని నిజమే రాసి చూపించాను. మీ కౌంటర్లో అమ్మాయి మొహం చిట్లించింది. అంతే, మర్నాటి నుంచి ఆరు. నన్ను చూసుకుంటే నాకే అసహ్యం. కానీ మొదటి నెలలోనే, 'ఏమమ్మా, ఆరని రాశావు, పదకొండు నిమిషాలే ఉంది, నీ కూతురి చూపు నువ్వే చెడగొడుతున్నావు' అని నలుగురిలో కడిగేసి ఉంటే? సిగ్గుతో చచ్చి కట్టేదాన్ని. దారం ఎక్కకపోతే కుట్టు మానేసేదాన్ని."

"నాకూ చెప్పాలనిపించింది. పైవాళ్ళని అడిగాను."

"ఏమన్నారు?"

"మధ్యలో పద్ధతి మార్చకూడదన్నారు. అందరికీ ఒకటే అన్నారు."

"అడిగావు, ఊరుకున్నావు, చాక్లెట్ ఇచ్చావు."

"అమ్మా, నువ్వూ గివ్వూ అనకండి."

"మీరు అనేటంత దూరం లేదిప్పుడు మనిద్దరికీ. ఒకే గంగాళంలో కుళ్ళాం. ఇవాళ దీని చూపెంత? అది చెప్పు."

"మొదట్లో ఎడమ కంటితో పై నుంచి రెండో వరుస దాకా చదివింది. ఇవాళా రెండో వరుసే."

"ఇక రాదా?"

"రాదని కాదు. ఏడెనిమిదేళ్ల లోపు త్వరగా వస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఇవాళే మొదలుపెడితే చాలావరకు రావచ్చు. ఎంతని మాటివ్వలేను."

"మరి బయట కూర్చున్నవాళ్ళో?"

"వాళ్ళ సంగతి నేను మాట్లాడకూడదు."

"పేర్లు అడగట్లేదు. అయిదుగురిలో ఎంతమంది కడుతున్నారు?"

"అమ్మా..."

"ఎంతమంది?"

"...ఒక్కరు."

"మిగతా నలుగురినీ ఇవాళ కూడా నవ్వి పంపించేస్తావు."

"ఇంకో నాలుగు నెలలే. ఏడాది పూర్తవగానే అందరికీ ఉత్తరాలు రాస్తాం, చికిత్స చేయిస్తాం."

"బయట తల్లి పక్కన కూర్చున్న ఆ నీలం చొక్కా పిల్లాడికి అప్పటికి ఎన్నేళ్ళు?"

"ఎనిమిది దాటుతాయి."

"దాటుతాయి. నోటితోనే చెప్తున్నావు. నిద్ర ఎలా పడుతుంది నీకు?"

"చూడండి, ఒక మాట వినండి. మీ పాపని ఇవాళే పరిశోధనలోంచి తప్పిస్తాను. పెద్ద డాక్టరుగారికి చీటీ రాస్తాను, రేపు పొద్దున్నే చూస్తారు. మీకు కళ్ళద్దాలు కూడా నేనే రాసిస్తాను. మీ డైరీ సంగతి, ఆ సూది సంగతి ఈ గది దాటదు. మీరు కూడా ఈ బిళ్ళ సంగతి బయట అనకండి. అంతే."

"అంటే నా కంపు మీద నువ్వు మూతపెడతావు, నీ కంపు మీద నేను పెట్టాలి."

"మీ మంచికే చెప్తున్నాను. బయటివాళ్ళకి తెలిస్తే మిమ్మల్నేమంటారు? కూతురి కన్ను..."

"రాయి చీటీ."

"అర్థం చేసుకున్నారు, సంతోషం. ఇదిగో."

"సంతకం?"

"పెట్టాను."

"ఇటివ్వు. పిట్టా, ఆ తలుపు బార్లా తియ్యి."

"అమ్మా, ఆగండి! మాటంటే మాట ఉండాలి!"

"ఇచ్చానా మాట? చీటీ నా కూతురిది. దానికి బేరమేంటి?"

"మీ పరువే పోతుంది, నాది కాదు!"

"పోనీ. ఏమమ్మా, అందరూ ఇటు వినండి! ఎనిమిది నెలలు రోజూ ఆరు గంటలని రాశాను, కట్టింది పదకొండు నిమిషాలు. సూదిలో దారం కోసం కన్నకూతురి పట్టీ ఊడదీసిన తల్లిని నేనే. నా మొహాన ఉమ్మెయ్యాలంటే తర్వాత ఉమ్మెయ్యండి. ముందు మీ పిల్లల పట్టీ అంచు తడిమి చూడండి, లోపల బిళ్ళ తగులుతుంది. మీరెంతసేపు కట్టారో, ఎంతని రాశారో ఈవిడకి నెలనెలా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. సిగ్గుపడి తలొంచుకోకండి, లేవండి! లోపలికి రండి! ఎవరి లెక్క వాళ్ళ ముందు చదివించండి. చదివించి, మంచి కంటికి పట్టీ ఇక్కడే కట్టండి, ఇప్పుడే కట్టండి, ఇవాళ్టి ఆరు గంటలు ఈ నిమిషం నుంచే మొదలవ్వాలి!"