పెలెగ్ పనిముట్ల వేలం

నా పేరు మెహిటబెల్ స్టార్క్. వయసు ముప్పై నాలుగు. న్యూ లండన్ రేవులో పీపాలు చేసే పెలెగ్ స్టార్క్ భార్యను. కుట్టుపని చేస్తాను. వేలందారు అబైజా లూమిస్ సుంకాల అధికారికి తప్పుడు లెక్క ఇచ్చాడన్న కేసులో మేజిస్ట్రేటు గారు అడగగా చెబుతున్నాను.

మా ఆయన 1794 డిసెంబరులో వెస్టిండీస్ వెళ్ళే ఓడ ఎక్కాడు. వేసవి దాటినా కబురు లేదు. ఇంట్లో జరుగుబాటు కష్టమై, అక్టోబరులో ఆయన పనిముట్లు అమ్మిపెట్టమని లూమిస్ గారి దగ్గరికి వెళ్ళాను. కొత్త చట్టం వచ్చిందనీ, పాటలో వచ్చిన డబ్బులో సుంకం పట్టుకోవాలనీ, మూడు నెలలకోసారి ప్రమాణం చేసి లెక్క చూపాలనీ ఆయన చెప్పాడు.

"పోయినవాళ్ళ ఆస్తికైతే సుంకం లేదమ్మా. మరి మీ ఆయన సంగతేమిటి?" అన్నాడు.

"కబురు లేదండీ."

"కబురు లేదంటే నేనేమని రాసుకోను? ఉన్నాడా, పోయాడా?"

"పోయాడు" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ముఖం చూడలేదు. నా మాట నమ్మానని ఇప్పుడు అంటున్నాడట. నమ్మలేదు. ఇద్దరికీ తెలుసు. ఆ సుంకం మొత్తం ఇరవై సెంట్లు.

వేలం రోజు లూమిస్ గారు గంట కొట్టి, "కీర్తిశేషులు పెలెగ్ స్టార్క్ గారి సామాను!" అని కేకేశాడు. జనం టోపీలు తీశారు. మా అత్తగారు వెనకే నిలబడి ఉంది. ఆవిడకు నేనేమీ చెప్పలేదు.

"ఎవరు చెప్పారే నీకు?" అని నా చెయ్యి పట్టుకుంది.

అందరూ చూస్తున్నారు. "రేవులో చెప్పారు అత్తయ్యా" అన్నాను. ఆవిడ అక్కడే కూలబడింది. జాలిపడి ఒకాయన పాత బాడిసకు రెట్టింపు పాడాడు. ఆ డబ్బు తీసుకున్నాను.

ఆదివారం పాస్టరు గారు మా ఆయన కోసం ప్రార్థన చేశారు. అరువు తెచ్చిన నల్ల గౌను వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. అత్తగారు మంచం పట్టింది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

జనవరిలో మా ఆయన వచ్చాడు. జ్వరంతో ఏదో దీవిలో పడి ఉన్నాడట. తలుపు తీశాను. నా ఒంటిమీద ఇంకా ఉన్న ఆ నల్ల గౌను చూసి, "ఎవరు పోయారే? అమ్మేనా?" అన్నాడు.

నా నోట వచ్చిన మొదటి మాట, "లూమిస్ గారు ప్రమాణం చేసి లెక్క ఇచ్చేశారండీ" అని.

చనిపోయిన మనిషి వీధిలో తిరిగేసరికి అధికారి ఆ లెక్క మళ్ళీ తీయించాడు. అత్తగారు ఇప్పుడు కొడుకు కలిపి ఇస్తే జావ తాగుతుంది. నేనిస్తే తాగదు.

ఇది నాకు చదివి వినిపించారు. నేను అన్నట్టే ఉంది. ఇంతకంటే మంచిగా రాయమని నేను అడగలేదు.

మెహిటబెల్ స్టార్క్, ఆమె పెట్టిన గుర్తు: ✕
న్యూ లండన్, ఫిబ్రవరి 9, 1796