సంచి మీద అమ్మ

అబ్బబ్బ, మళ్ళీ ఆ పుట్టుమచ్చ గొడవేనా అక్కా! చెప్పానుగా, గుడ్డ మీదికి బొమ్మ దించేటప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. తిప్పి ప్రింటు వేయమని షాపతనికి చెప్పడం మర్చిపోయాను. అందుకే అమ్మ గడ్డం మీది మచ్చ అటు పోయింది. అంతే.

ఏంటీ, అసలు ఫొటో ఇచ్చేయాలా? పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటావా? ఇప్పుడెందుకక్కా అదంతా, సంచి ఉందిగా! చూడు, ఎంత గట్టిగా కుట్టానో. లోపల రెండు అరలు, జిప్పు, పిడులకి డబల్ కుట్టు...

అయ్యో, ఆ సొరుగు తియ్యకు! అందులో లేదు. ఎక్కడా లేదు.

కూర్చో. ఆ బట్టముక్కలు అటు నెట్టి కూర్చో. నా మొహం చూడకు, మిషన్ వైపు చూడు. అలాగైతేనే చెప్పగలను.

నీ పుట్టినరోజుకి ముందురోజు సాయంత్రం. జిరాక్స్ షాపు మూసేసి ఉంది. ఇంతమంది ఫొటోలు సంచుల మీద వేశాను కదా, ఎవరిదైనా అసలుది ముట్టుకున్నానా? కాపీ తీయించి, దానికే జిగురు రాసి, గుడ్డకి బోర్లా అంటిస్తాను. ఆరాక తడిపి వేలితో రుద్దితే కాగితం పొట్టులా రాలిపోతుంది, బొమ్మ గుడ్డకి మిగులుతుంది. నీ సంచి దగ్గరికొచ్చేసరికి ఏమైందో మరి! పాత ఫొటో కదా, నేరుగా దించితే ఇంకా నిండుగా వస్తుందనుకున్నాను. కళ్ళు నెత్తికెక్కాయి, ఇంకేంటి? ఫోన్‌లో ఒక్కటి తీసి పెట్టుకోవాలని కూడా తోచలేదు.

రుద్దాను. మొదట భుజం పోయింది. అప్పుడైనా ఆగొచ్చుగా? ఆగలేదక్కా. కింద ఉంటుందిలే, కింద ఉంటుందిలే అనుకుంటూ రుద్దుతూనే పోయాను. అమ్మ మొహం ముద్దముద్దగా నా గోళ్ళలోకి వచ్చేసింది. గుడ్డ మీద ఏమీ లేదు.

ఏడవకు. ఆగు, ఇంకా ఉంది.

నాది అచ్చు అమ్మ పోలికే అని నువ్వే అంటావుగా. తెల్లారి లేచి ఫొటోలోలాగే అమ్మ శాలువా కప్పుకున్నాను. పాపిడి మధ్యకి తీశాను. కాటుక పెన్సిల్‌తో గడ్డం మీద మచ్చ పెట్టుకున్నాను. మా ఆయన ఫొటో తీస్తూ "పొద్దున్నే ఇదేం వేషం?" అని నవ్వాడు. షాపు తెరవగానే పరిగెత్తాను. ఆ కంగారులోనే తిప్పమని చెప్పడం మర్చిపోయాను. ఇన్నాళ్ళూ నీకు నిజం చెబుతున్నది ఆ మచ్చ ఒక్కటే.

అవును. ఆ సంచి మీద ఉన్నది అమ్మ కాదు. నేను.

నువ్వు సంచిని చెంపకి ఆనించుకుని "చూడమ్మా, చెల్లిని తల్లిలేని పిల్ల అనిపించుకోకుండా పెంచాను" అన్నావే, ఆ క్షణమే చెప్పేయాల్సింది. పక్కనే నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాను. గ్లాసు దించి చెప్పేయొచ్చు. అయినా నవ్వాను, సిగ్గులేనిదాన్ని.

తిట్టు. చెంప పగలగొట్టు. అలా సంచిని బోర్లా పెట్టి కూర్చోకు, చూడలేను.

నీకు అమ్మ పదేళ్ళు ఉంది. కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. నేను పుట్టిన నెలకే పోయిందిగా, నాకు అమ్మంటే ఆ ఫొటోయే. దాన్ని చేతులారా రుద్దేసుకున్నాను. ఇక అమ్మని చూడాలంటే నాకు అద్దమే గతి. చూసుకుందామంటే తల పైకి లేవడం లేదక్కా.