కాలరు పాఠం

దర్జీ దుకాణం. సాయంత్రం నాలుగు దాటింది. మిషను ముందు తండ్రి, ఫోన్ పట్టుకుని ఎదురుగా కూతురు.

"చచ్చినా సంతకం పెట్టను. ఆ ఫోన్ అవతల పెట్టు, గుడ్డ నలుగుతుంది."

"గుడ్డ సంగతి తర్వాత. మాట మార్చకు నాన్నా. ఐదింటికి గడువు అయిపోతుంది."

"అయితే అవనీ."

"అవనీ అంటే? ఈ రోజుతో ముప్పై రోజులు. ఐదు దాటితే అమ్మ పాఠాలన్నీ చెరిపేస్తారు. రెండు వందల పన్నెండు వీడియోలు. అమ్మే లేదు, మళ్ళీ ఎవరు చేస్తారు?"

"చదువు. ఏం రాశారో చదువు."

"పొద్దుటి నుంచి మూడుసార్లు చదివాను."

"నాలుగోసారి చదువు."

"'పాటల కంపెనీకి చెందిన పాటలను అనుమతి లేకుండా వాడుకుని దొంగతనానికి పాల్పడ్డానని ఒప్పుకుంటున్నాను...'"

"ఆగు. అక్కడ ఆగు. దొంగతనం. ముప్పై ఏళ్ళలో ఒకరి గుడ్డముక్క దాచుకుని ఎరగను నేను. మిగిలిన పీలికలు కూడా మీ అమ్మ మడతపెట్టి సంచీలో వేసి ఇచ్చేది. మేమా దొంగలం?"

"ఎవరన్నారు? రాయమంటున్నారంతే."

"రెండూ ఒకటే."

"నీకు ఒకటే. వాళ్ళకి కాగితం కావాలి, నాకు అమ్మ కావాలి."

"అసలు ఆవిడ ఏం చేసింది? కాలరు ఎలా తిప్పాలో, జేబు ఎలా అతకాలో నలుగురికీ చెప్పింది. వెనకాల నా రేడియో మోగింది. దానికి ఆ కంపెనీ వాళ్ళు మూడు ఫిర్యాదులు పెట్టి మొత్తం ఛానెల్‌కే తాళం వేయిస్తారా? అదీ మనిషి పోయిన ఐదు నెలలకి?"

"ఆ రేడియో కట్టెయ్యమని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది నీకు?"

"ఆ కత్తెర ఇలా ఇవ్వు."

"ఎన్నిసార్లు చెప్పింది?"

"పాఠం పాఠానికీ చెప్పింది. చాలా? రేడియో లేకపోతే నాకు మిషను మీద కాలు ఆడదు. తలుపు తీసింది మొదలు మూసేదాకా ఒక్క నిమిషం ఆపిన పాపాన పోలేదు. చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఆ పాట మీదే గొంతు పెంచి చెప్పుకుపోయేది."

"అందుకే ఒక్క వీడియో కూడా మిగల్లేదు."

"ఫోన్ నిండిపోతోందని ఎక్కించింది ఎక్కించినట్టు తుడిచేసింది ఎవరు? నేనా?"

"అమ్మ మీదకి నెట్టకు."

"నెట్టట్లేదు. నెట్టట్లేదులే."

"అన్నా, ఉన్నావా?"

"రా సెలూన్ బాబాయ్. కూర్చో."

"కూర్చోను తల్లీ, కుర్చీలో సగం గడ్డంతో ఒకాయన ఉన్నాడు. అన్నా, ఆరింటికి సినిమా హాలు ముందు ధర్నా, గుర్తుందిగా? ఆ కంపెనీ పాటలున్న కొత్త సినిమా, మొదటి రోజు. టీ కొట్టాయన, చెప్పులు కుట్టే పెద్దాయన, అందరూ వస్తున్నారు. బోర్డు నువ్వే పట్టుకోవాలి, నువ్వు రాసిందేగా."

"చూద్దాంలే."

"చూద్దామేంటి? సినిమాలొద్దు, పాటలొద్దు అని నువ్వన్నావనే నెల్లాళ్ళుగా షాపులో టీవీకి దుప్పటి కప్పాను. పాట లేని సెలూన్‌లో తల పెట్టేవాడెవడు? సగం మంది పక్కవీధికి పోయారు. పోనీ, వదినకి జరిగింది రేపు ఎవరికైనా జరుగుతుంది. నువ్వైతే హీరోయిన్ మోడల్ గౌను కుట్టనని పాత బేరాన్ని కూడా గుమ్మంలోంచి పంపేశావు. అదీ మనిషంటే."

"నురగ ఆరిపోతుందిరా, వెళ్ళు."

"ఆరింటికి మరి."

"వెళ్ళరా బాబూ."

"వెళ్ళిపోయాడు నాన్నా. ఇటు చూడు."

"ఏం చూడను? వాడి మాటలు విన్నావుగా. ఇప్పుడు సంతకం గీకి, ఆరింటికి ఏ మొహం పెట్టుకుని అక్కడ నిలబడను?"

"నిలబడక్కర్లేదు. నువ్వు వెళ్ళకూడదు."

"ఏంటీ?"

"రెండో పేజీలో ఉంది. కంపెనీ మీద బోర్డు పట్టుకోకూడదు, ఎవరితోనూ ఏమీ అనకూడదు. వాళ్ళని తిడుతూ గోడ మీద నువ్వు రాసింది నువ్వే చెరపాలి."

"ఇందాకటి నుంచి చెప్పవేం?"

"చెప్తే మొదటి పేజీ కూడా విననిచ్చేవాడివి కాదు."

"ఇంకేం దాచావు? మూడో పేజీ ఉందా?"

"ఉంది. అందులో ఏం లేదు. కంపెనీ పాట ఎక్కడెక్కడ ఉందో అక్కడ శబ్దం తీసేసి, వీడియోలు మనకి వదిలేస్తారట."

"అంటే, పాటలు తీసేస్తారు."

"ఆ."

"తీసుకోమను. పట్టుకెళ్ళి నెత్తిన పెట్టుకోమను. ఆ దిక్కుమాలిన పాటలు ఎవడికి కావాలి?"

"నేననేదీ అదే. మనకి అమ్మ చాలు. నాన్నా, నాకు భయంగా ఉంది."

"ఎందుకే?"

"మర్చిపోతున్నాను. 'ఏమే పిల్లా' అని పిలిచేది కదా, చివర సాగదీసి. ఆ సాగదీయడం ఎలా ఉండేదో రావట్లేదు. మొన్న స్నానాలగదిలో ఒక్కదాన్నే అని చూసుకున్నాను. రాలేదు."

"'చూశారా' అనేది."

"ఎప్పుడు?"

"కాలరు పాఠంలో. ముప్పై ఏడోది. కాలరు తిప్పి, సూదితో మూల బయటికి లాగి, 'చూశారా, ఇప్పుడు మూల మూలలా ఉంది' అనేది. కాలరు కుట్టినప్పుడల్లా నేనూ అని చూస్తాను. నా గొంతే వస్తుంది."

"మరి పెట్టు నాన్నా."

"టైమెంత?"

"ఐదుకి పావుగంట ఉంది."

"వేలితో గీకాలా?"

"ఆ. ఇక్కడ, ఈ గీత మీద."

"గీత కింద ఏదో ఉంది. ఏంటది?"

"ఏం లేదు."

"చదువు."

"'తప్పు ఒప్పుకున్న వ్యక్తి.'"

"సెలూన్ వాడికి నువ్వు చెప్పకు. నేనే వెళ్ళి చెప్తాను. ఉమ్మేస్తే నా మొహం మీదే ఉమ్మెయ్యనీ."

"గీత దాటిపోకుండా, మెల్లిగా నాన్నా."

"అయింది. తీసుకో. పంపించెయ్, మళ్ళీ నా కంట పడనివ్వకు."

"పంపాను. తిరుగుతోంది... తిరుగుతోంది... 'మీ క్షమాపణ స్వీకరించాం.' వచ్చేస్తున్నాయి నాన్నా, ఒక్కొక్కటీ వచ్చేస్తున్నాయి. రెండు వందల పన్నెండూ వచ్చాయి."

"ముప్పై ఏడు పెట్టు."

"ఉండు, కళ్ళు తుడుచుకోనీ. ఇదిగో. మెళ్ళో టేపు వేసుకునే ఉంది చూడు."

"ఆ చెయ్యి చూడవే, ఎంత కుదురో. తిప్పింది. ఇప్పుడు సూది అందుకుంటుంది. మూల లాగుతుంది. ఇప్పుడే అంటుంది, ఇటు పట్టు. అదిగో, పెదాలు కదిలాయి. అనేసింది. సౌండు పెంచమ్మా."

"పెంచాను."

"ఇంకా పెంచు. మిషను కూడా ఆపేశాను కదా, అయినా వినపడట్లేదు."

"ఇది ఫుల్లే నాన్నా."