నీళ్ళు తెలియని గ్రహంలో బిందెలు

కళ్యాణదుర్గంలో సువర్ణ అద్దె గది, మిట్టమధ్యాహ్నం. పొత్తిళ్ళలోనే తల్లిని పోగొట్టుకున్న సువర్ణను పెంచిన చిన్నమ్మ అంజనమ్మ, కుందుర్పి బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చి, తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. ఫోనులో ఒక పాత టీవీ సీరియల్ ముక్క. దాని మీద ఎవరో అమ్మాయి పకపకా నవ్వు.

“ఇంగోసారి పెట్టు పాపా.”

“చూసినాం గదా చిన్నమ్మా. ఉండు, కాఫీ పెడతా.”

“కాఫీ యాడికీ పోదు. పెట్టు. అద్దో, ఆ నీలం మొహాలోళ్ళంతా మనూరోళ్ళే. మన గుట్ట కాడే తీసినారు.”

“‘ఎండమావి గ్రహం’ సీరియల్ మనూర్లో తీసినారా? నువ్వు చేసినావా దాంట్లో? నాకెప్పుడూ చెప్పనే లేదు!”

“చెప్పేదానికేముండాది. మొహానికి నీలం రంగు పూసినారు, నెత్తిన స్ప్రింగులు పెట్టినారు, సాయంత్రం పులిహోర పొట్లం ఇచ్చినారు. మీ నాయన ఎగిరినాడు, సంసారం చేసుకునే ఆడోళ్ళు రంగులు పూసుకొని గంతులేస్తారా అని. ఇంగ ఇంట్లో ఆ మాటే ఎత్తలే.”

“టీవీలో వచ్చినప్పుడు?”

“ఆ ఆదివారం కరెంటు లేదు. ఎవురూ చూడలే. ఇప్పుడు మా మనవడు వంశీగాడు ఫోను పట్టుకొని పొర్లి పొర్లి నగుతాంటే, ఎవుర్ని చూసి నగుతాండాడే అని తొంగి చూసినా. చూస్తే మేమే.”

“...కాఫీలో చక్కెర వేయాల్నా?”

“కింద జనం ఏమేమో రాసినారే, అది సదువు.”

“ఏముంటాయి చిన్నమ్మా. అన్నీ మంచియే.”

“మంచియే సదువు అయితే.”

“‘అప్పట్లో ఇది వచ్చే టైముకి మా వీధి ఖాళీ’ అని ఒకాయన. ‘నేను ఇంజనీరైంది ఈ సీరియల్ వల్లే’ అని ఒకామె. ‘ఆకాశనౌక చూస్తే ఇడ్లీ పాత్ర బోర్లించినట్లుండాది, అయినా కథ బంగారం’ అని ఇంగొకాయన. అంతే.”

“దాని కింద నగే బొమ్మలు వరసగా ఉండాయి గదా, అది?”

“అది వేరేదాని గురించి.”

“సదువు.”

“‘పచ్చ బిందె ఆంటీకి అవార్డు ఇయ్యాల’ అని.”

“ఇంగా?”

“వద్దు చిన్నమ్మా.”

“ఊరూరా చూసి నగుతాంటే నువ్వొక్కదానివి దాస్తే దాగుతాదా? సదువు.”

“సరే. ‘వెయ్యేండ్లు వాన పడని గ్రహమంట. నీళ్ళంటేనే తెలియని జనమంట. మరి బిందెలు యాడివి?’ అని. అది ఆ వీడియో చేసినామె జోకు. అందరూ దాన్నే పట్టుకున్నారు.”

“జోకేముండాది దాంట్లో? వాన లేదని ఇంట్లో బిందె లేకుండా ఉంటారా ఎవురైనా?”

“అట్ల కాదు, లాజిక్కు...”

“ఏం లాజిక్కు? ఆకాశం నుంచి ఏందో పడతాందని మేము బెదిరి బోర్లా పడాలంట. డైరెక్టరు అట్లే చెప్పినాడు, మేమూ తలకాయలు ఊపినాం. వాన మాదిరి పడాలని ట్యాంకరు పైపు ఇడిస్తానే అన్ని నీళ్ళు మట్టిపాలవుతాంటే ఎవురు పండుకుంటారు? ఇండ్లల్లోకి ఉరికి దొరికిన బిందె ఎత్తుకొచ్చినాం. ఆయప్ప కట్టు కట్టు అని గొంతు చించుకున్నాడు. ఉండేది ఒక ట్యాంకరు. మళ్ళా తీయాలంటే నీళ్ళు యాడివి? అట్లే ఏసేసినారు.”

“ఉరవకొండ నుంచి ఒకాయన అదే రాసినాడు. ‘నగేటోళ్ళు ఎండాకాలంలో ఒకసారి మా వీధిలో ట్యాంకరు కాడ నిలబడండి’ అని.”

“దానికి ఆ పిల్ల ఏం బదులిచ్చినాది?”

“...నగే బొమ్మ పెట్టినాది.”

“ఏమి, మొహం అట్ల పెడతివి?”

“ఏం లే.”

“కంప్యూటరు సదివినావు గదా, ఆ నగేది ఎవురో కనుక్కో. మొహం చూపీదు, పిల్లి బొమ్మ పెట్టుకోనుండాది. గొంతు చూస్తే ఎలుక గొంతు.”

“గొంతు మార్చే యాప్‌లు ఉంటాయి.”

“ఉండనీ. దొరుకుతాదా, లేదా?”

“కష్టం చిన్నమ్మా. బెంగుళూరులో ఉంటాదో, యాడుంటాదో. నేను కంప్లైంటు పెట్టి వీడియో తీయించేస్తాలే. సాయంత్రానికి ఉండదు.”

“తీయించొద్దు!”

“ఎందుకు? నిన్ను పట్టుకొని అందరూ నగుతాంటే...”

“వద్దంటి గదా. నాకు ఆమెతో పనుండాది. తిట్టేదానికి గాదు.”

“తిట్టు.”

“ఏందీ?”

“తిట్టు చిన్నమ్మా. నేనే.”

“నువ్వే ఏంది?”

“ఆ పిల్లి బొమ్మ నాది. నగేది నేనే. ఆఫీసు పని అయినాక పాత సీరియళ్ళు పెట్టుకొని ఎక్కిరిస్తాంటా, ఊరికే. నీలం మొహంలో నిన్ను గుర్తు పట్టలే. పట్టింటే చేద్దునా? కాదులే, ఎవురైతే మాత్రం... పాపం ఉరుక్కుంటా వచ్చి జారిపడి, ఆ పచ్చ బిందె మాత్రం ఒలకకుండా పైకి పట్టుకునింటే, ఆడ ఆపి, ఎనక్కి తిప్పి మళ్ళా మళ్ళా ఏసినా. ఏమన్నా అను. అట్ల చూడొద్దు.”

“నిజ్జంగా నువ్వేనా?”

“నేనే.”

“అబ్బ. మంచిదాయె పాపా.”

“మంచిదా?”

“ఆ పిల్లని యాడని ఎతకాల, ఎట్ల అడగాల అని బస్సులో అదే దిగులు. నీ చేతిలోదేనా అయితే? ఆ నగు తీసేస్తే కింద మాట వినపడతాదా?”

“పడతాది. నా కాడ సీరియల్ ముక్క అట్లే ఉండాది. ఏం మాట?”

“పడినాక తలెత్తి ఏమో అరుస్తాది చూడు. నోరు కదులుతాంది, నీ నగులో వినపడలే. చెవికి ఆనించుకొని ఆనించుకొని ఇన్యా.”

“ఏం అరిస్తివో నీకు గుర్తు లేదా?”

“నేనైతే గుర్తుండును. నేను ఎనకాల వచ్చేదాన్ని సువర్ణా. ఆ పడింది మీ అమ్మ.”