అభ్యంతరం లేదని

కర్నూలులో కలెక్టరాఫీసు గోడ పక్కన, అర్జీలు రాసే పుల్లయ్య బల్ల ముందు సుబ్బక్క కూర్చుని ఉంది. మొగుడు హనుమన్న పోయి రెండు నెలలు. ఆయన పేరున ఉన్న తుపాకి లైసెన్సును తన పేరుకు మార్పించుకోవాలని కొడుకు రాజశేఖర్ ఆమెను నందికొట్కూరు నుంచి వెంటబెట్టుకొచ్చి, జెరాక్సుకని ఇప్పుడే వెళ్లాడు. ఇక ఆమె వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

"ఏం సుబ్బక్కా, ఏలికి పూసిన ఇంకు ఆరిపోతాండాది. పెట్టు."

"పెడతాలేప్పా. ఇంగొకసారి చదువు. ఏం రాసినావు?"

"రెండు తూర్లు చదివితినే. 'నా భర్త హనుమన్న పేరిట ఉన్న తుపాకిని నా కొడుకు రాజశేఖర్ పేరుకు మార్చుటకు నాకు ఎటువంటి అభ్యంతరం లేదు.' అంతే."

"లేదని రాసినావా?"

"లేదనే కదక్కా రాయాల్సింది."

"నన్నడిగి రాసినావా?"

"నీ కొడుకు చెప్పినాడు, నేను రాసినా. ఏం, ఉండాదా?"

"ఎండ శానా ఉండాదప్పా ఈ పొద్దు. వాడు చూడు, పొద్దున్నించి మెడకు చుట్టుకున్న తువ్వాలు తీయలే. బస్సులో గూడా తీయలే. సంగటి పెడితే ముట్టలే."

"ఎండకు చుట్టుకున్యాడులే. నువ్వు మాట మార్చొద్దు."

"ఏలు పెట్టకపోతే ఏమైతాది?"

"ఫైలు ఆడికే నిల్చిపోతాది. పెండ్లామువు నువ్వు. నీ సమ్మతి లేంది కదలదు."

"నిల్చిపోనీ."

"అట్లంటే ఎట్లక్కా? కొడుకుతో ఏమన్నా తగాదానా? పొలం కాడ?"

"తగాదా లే, ఏం లే. ఒగటే కొడుకు. వానితో నాకేం తగాదా?"

"మరి?"

"మా తమ్ముని కూతురు దీవెన లాయరు చదువుతాండాది. పాతకాలం తుపాకికి లైసెన్సే అక్కర్లేదత్తా అన్యాది. మా మామ వాళ్ళ జేజినాయన బనగానపల్లె నవాబు కాడ కొలువు చేసినప్పుడు ఇచ్చినారంట అది. గొట్టం మూతిలోంచి మందు కూరాల. అది తుపాకేనా? పాత ఇనుమని రాయప్పా. గోడకు తగిలించుకుంటాం."

"ఆ పాప సగం చెప్పింది. పాతదైతే చాలదు, పేలగూడదు. రిపేరు చేసినా గూడా పేలగూడదు. పోలీసోళ్ళ తుపాకుల మేస్త్రి ఊడదీసి చూసి, అట్లని రాసియ్యాల. బాగుచేస్తే పేలుతాదంటే మాత్రం, నవాబుదైనా ఎవురిదైనా అది తుపాకే. లైసెన్సు కావాల్సిందే."

"పేలదు."

"నీకెట్ల తెల్సు? హనుమన్న ఏటా ఆయుధపూజకు నూనె పూసి నున్నగా పెట్టుకుంటాండె. ఆడోళ్ళను తాకనీడని మీ ఊరంతా చెప్పుకుంటారు."

"తాకనీడు. అందుకే నా మీద అనుమానం రాలే."

"ఏం అనుమానం?"

"ఏం లేదులే."

"సుబ్బక్కా."

"సీసమప్పా. మందుసంచిలో సీసం గుండ్లు ఉంటాండె. ఆయన ఊర్లో లేని పొద్దు చూసి, ఇనప గంటెలో కరగబెట్టి గొట్టంలో పోసినా. అడుగున గడ్డకట్టుకున్యాది. పైన చూస్తే ఏం తెలీదు."

"నువ్వా? ఎందుకు?"

"శెనక్కాయ పంట పోయిన ఏడు. నాలుగేండ్లు వరసగా వాన లే. ఆయన మాట్లాడ్డం మానేసినాడు. ఇంట్లో మనిషి ఉండాడో లేడో తెలీదు. ఊరికే ఆ సంచి ఇప్పేది, మందు అంటించే కేపులు అరచేతిలో ఏసుకొని చూసేది, మళ్ళా కట్టేది. అందుకే పోసినా."

"తర్వాత?"

"తర్వాతేముండాది. ఒకనాడు మధ్యాన్నం తుపాకి ఎత్తుకొని చేనికాడికి పోయినాడు. పందులొస్తాండాయన్యాడు. ఎండిపోయిన చేన్లో పందులకేముంటాదప్పా తినను?"

"ఆపలేదా నువ్వు?"

"ఆపితే నాకు తెల్సని తెలుస్తాది కదా. వాకిట్లోనే నిలబడుకున్యా. పొద్దుగూకినాక వచ్చినాడు. కాళ్ళు కడుక్కొని కూడు పెట్టమన్యాడు. పులుసులో ఉప్పు లేదని తిట్టినాడు. ఆర్నెల్లకు నన్ను తిట్టిన తిట్టు అది. దీపం దగ్గరికి జరిపి చూస్తే, గడ్డం కింద గుండ్రంగా వాత. ఎండకు కాలిన గొట్టం మూతంత."

"అయ్యో, సుబ్బక్కా."

"నేను అడగలే, ఆయన చెప్పలే. పేలకపోయింది దేవుని దయ అనుకున్యాడేమో, ఆ పొద్దు నుంచి దానికి పూజలు ఎక్కువాయె. మళ్ళా ఇరవై రెండేండ్లు బతికినాడప్పా. వీని పెండ్లి చేసినాడు. మనవరాలిని భుజాన ఏసుకొని తిరిగినాడు. జ్వరం వచ్చి, నా చేతిలో పోయినాడు."

"రాజశేఖర్‌కు తెల్సునా ఇది?"

"తండ్రి గురించి కొడుక్కు ఎట్ల చెప్పేదప్పా? నువ్వే చెప్పు."

"నీ సీసం గూడా పనికిరాదక్కా ఇప్పుడు. కాలిస్తే కరిగి వచ్చేస్తాది. అంటే బాగుచేస్తే పేలేదే. మేస్త్రి పాత ఇనుమని రాసియ్యడు. ఇంతకూ అది యాడుండాది, స్టేషన్లో పెట్టినారు కదా?"

"లే. వాని మంచం కింద ఉండాది."

"రెండు నెల్లుగానా? లైసెన్సుండే మనిషి పోతే వెంటనే అప్పజెప్పాల. కేసవుతాది."

"కేసైతే అయితాది. వాని మిరప రెండేండ్లుగా బొబ్బర తెగులుకు పోయిందప్పా. వాడూ మాటలు తగ్గించినాడు. అచ్చం ఆయన మాదిరే."

"వస్తాండాడు, ఊరుకో."

"జెరాక్సు తెచ్చినా పుల్లయ్యన్నా. అమ్మ ఏలిముద్ర ఏసిందా?"

"ఇంకా లేదప్పా."

"ఏమ్మా, నాలుగింటికి గుమాస్తా లేసిపోతాడు. పెట్టు తొందరగా."

"నీకెందుకు రాజా అది?"

"ఎన్నిసార్లు చెప్పేది? పందులు. చేన్ల పడి తొక్కుతాండాయి."

"చేన్లో ఏముండాది నాయనా? మిరప పీకేసి నెలాయె."

"మళ్ళా పెడతాం కదా. పుల్లయ్యన్నా, కాగితం వచ్చినాక రిపేరుకు యాడియ్యాలో గూడా చెప్పు. గొట్టంలో ఏందో అడ్డం పడిండాది. కేపు పటుక్కుమంటాది గానీ మందు అంటుకోదు."

"నువ్వెప్పుడు చూస్తివప్పా?"

"నిన్న. ఊరికే చూసినాన్నా."

"ఊరికే చూస్తే మందు అంటుకోదని తెలీదు రాజా."

"అమ్మా, ఈడ అందరి ముందర ఏంది ఇది? ఏలు పెడతావా లేదా?"

"పెడతా. ముందు ఇట్లా రా, నా పక్కన కూచో. ఆ తువ్వాలు తీసి, గడ్డం పైకెత్తు నాయనా."