హలో బాబాయి చూసొచ్చిన పార్లమెంటు

గేటు పడిందంటే హలో బాబాయి నోరు లేస్తుంది.

మా ఊరిని రెండు ముక్కలు చేస్తూ రైలు పట్టాలు పోతాయి. ఇటు ఇళ్లు, అటు బజారు, ఆసుపత్రి, ఆఫీసులు. మధ్యలో గేటు, గేటు పక్కనే అక్క టీ కొట్టు. గేటు పడగానే బండ్లు ఆగుతాయి, ఆగినవాళ్లు టీకి దిగుతారు, దిగినవాళ్లకి టీతో పాటు బాబాయి ఉచితం. ఆయన మైకు సెట్లు అద్దెకిస్తాడు. ఊళ్లో ఏ సభ మొదలవ్వాలన్నా ముందు ఆయన "హలో, హలో" అనాల్సిందే. అసలు పేరేమిటో పిన్నికైనా గుర్తుందో లేదో.

ఆ రోజు నేనూ స్కూటరు ఆపి బల్ల మీద చేరాను. పక్కన లెక్కల మాస్టారు. ఎదురుగా ఊరికి కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు. మూల ఇనప స్టాండు మీద పాత టీవీ మాటా పలుకూ లేకుండా బొమ్మలు ఆడిస్తోంది. డ్రైవరు చేసిన తప్పల్లా ఒక్కటే. గోడ మీద సగం చిరిగిన ఎన్నికల పోస్టరు చూసి, "ఈయనేనా మీ ఎంపీ? ప్రతిపక్షంలో ఉన్నాడుగా, అక్కడ ఏం చేస్తాడు పాపం?" అన్నాడు.

బాబాయి మెల్లగా గ్లాసు కింద పెట్టాడు. మాస్టారు నా చెవిలో, "అయిపోయాడు" అన్నాడు.

మేమందరం ముసిముసిగా నవ్వుకున్నాం. నవ్వనిది అక్క ఒక్కతే. ఆవిడ గొడవ ఆవిడది. గేటు తీయించి పైవంతెన వేయిస్తానని ఎంపీ మాటిచ్చి ఉన్నాడు. వంతెన వస్తే పైనుంచి పోయేవాడెవడూ టీకి కిందకి దిగడు. బస్టాండు దగ్గర కొట్టొకటి ఖాళీ అయింది, వస్తావో రావో సాయంత్రంలోగా చెప్పమని వాళ్ల అన్నయ్య ఫోను చేశాడు. బాబాయి కోతలరాయుడే కానీ ఎంపీ సభలన్నిటికీ మైకు ఆయనదే. ఎంత పొల్లులోనైనా ఒక గింజ ఉండకపోతుందా అని అక్క పాలు పొంగకుండా మంట తగ్గించి మరీ చెవి ఇటు పడేసింది.

"బాబూ, కొత్తవాడివి కాబట్టి ఊరుకున్నాను," మొదలెట్టాడు బాబాయి. "ఆయన మొదటి సభకి మైకు కట్టింది ఈ చేతులు. అయ్యా, తమది పెద్ద గొంతు, మైకుకి జానెడు దూరంలో ఉండి మాట్లాడండి అని మనవి చేశాను. గొప్ప కోసం చెప్పట్లేదు, అది మన వృత్తి ధర్మం. ఆయన వినలేదు. దగ్గరికొచ్చి ఒక్కసారి 'సోదరులారా' అన్నాడు, నా హారన్ మూతి పగిలి ఊరుకుంది. మర్నాడు కబురు. 'బాబాయ్, నీ మాట వినక తప్పు చేశాను, ఇకమీదట పార్లమెంటులో కూడా నువ్వు చెప్పిన దూరంలోనే మాట్లాడతాను, నాతో వచ్చి చూడు' అన్నాడు. నేను రానన్నాను. నేను లేకపోతే ఊళ్లో పెళ్లిళ్లు ఆగిపోవూ? కాళ్ల మీద పడబోయాడు. ఎంపీ కదా, నలుగురూ చూస్తే బాగుండదని బయల్దేరాను."

"పార్లమెంటు లోపలికి రానిచ్చారా నిన్ను?" డ్రైవరు కళ్లు అప్పుడే పెద్దవయ్యాయి.

"రానివ్వడమేమిటి! పైన గ్యాలరీలో మెత్తటి కుర్చీ. కింద చూస్తే మనాయన ఎక్కడో చివరి బల్ల, స్తంభం చాటున. చిన్న పార్టీ కదా, రెండంటే రెండు నిమిషాలే ఇస్తారట. రెండు నిమిషాలు! మీ పిన్ని నన్ను తిట్టడం మొదలెడితే గొంతు సవరించుకోడానికే అంత పడుతుంది. సరే, పిలుపొచ్చింది. ఆయన లేచాడు. నా వంక చూశాడు. నేను పైనుంచి ఇలా జాన చూపించాను. ఆయన జానెడు వెనక్కి జరిగి, 'అధ్యక్షా' అన్నాడు. ఒక్క మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"నిద్రపోతున్న మంత్రులు లేచి కూర్చున్నారు. లేవడమంటే మామూలుగానా? ఒకాయన కళ్లజోడు ఎగిరి పక్కాయన ముక్కు మీద పడింది. ఆ పక్కాయనకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురుగా ఉన్న బడ్జెట్టు కాయితం కనపడింది. చదివాడు. చదివి భోరుమని ఏడ్చాడు."

మాస్టారు టీ పొలమారి దగ్గాడు. "ఇంతకీ రెండు నిమిషాల్లో ఎన్ని మాటలు చెప్పాడోయ్?"

"అక్కడికే వస్తున్నా మాస్టారూ. మీ లెక్కలు అక్కడ చెల్లవు. గోడ మీద గడియారం ఉందా, దాని ముల్లు ఒక గీత నడిచి ఆగింది. వినడానికి! ఎవరో వెళ్లి తట్టారు. 'ఉండండి, ఆయన్ని కానివ్వండి' అన్నట్టు టక్కుమందే గానీ కదల్లేదు. భోజనాల వేళ దాటింది, కాఫీల వేళ దాటింది, దీపాలు పెట్టారు, లెక్క ప్రకారం ఇంకా రెండు నిమిషాలు కాలేదు. స్పీకరు గారు గంట కొట్టబోతే గంట నాలుక లోపలికి పోయింది. ఇక లాభం లేదని, మైకు కట్టెయ్యండి అన్నాడాయన."

మైకు మాట రాగానే అక్క తలెత్తి బాబాయి వంక చూసింది. ఆయన చూడలేదు.

"అక్కడ మైకులకి ఒక మనిషి ఉంటాడు. మన వృత్తివాడే. స్విచ్చి మీద వేలు పెట్టాడు, నొక్కలేకపోయాడు, నా వంక చూశాడు. నేను కళ్లతోనే చెప్పాను, నొక్కు నాయనా, నీ ఉద్యోగం పోగొట్టుకోకు, ఆయన సంగతి నేను చూసుకుంటాను అని. నొక్కాడు. ఆహా! మైకు పోయాక కదా అసలు గొంతు బయటికొచ్చింది. ఇన్నాళ్లూ ఆ గొంతుకి మైకు అడ్డం! కరెంటు లేకుండానే పంకాలు తిరిగాయి. పక్కన పెద్దల సభ ఉంటుందా, వాళ్లు ఇది తమ సభ్యుడి గొంతే అనుకుని బల్లలు చరిచి తీర్మానం కూడా పాస్ చేసేశారు. తర్వాత తెలిసి ఏం చేస్తారు, అయిపోయింది కదా!"

"ఇంతకీ దేని గురించి మాట్లాడాడు బాబాయ్?" గొంతు తగ్గించి అడిగాడు డ్రైవరు. చేతిలో టీ మీద మీగడ కట్టింది.

"ఇంకా దేని గురించి? దీని గురించి." బాబాయి గేటు వైపు చెయ్యి చాపాడు. "మన గేటు గురించి. అబ్బ, ఏం వర్ణించాడనుకున్నావు! ఇటు పక్క ఆసుపత్రికి పోవాల్సిన పురిటి మనిషి, అటు పక్క ఆఫీసు నుంచి ఇంటికి రావాల్సినవాడు, గేటు కింద నుంచి సైకిలు వంచి దూర్చేవాడు, ఒక్కటీ వదల్లేదు. వింటూ వింటూ వాళ్లకి తామెక్కడున్నారో మతి తప్పింది. రైల్వే మంత్రికి పనిపడి తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమండీ వెళ్లరేం అంటే, 'గేటు పడింది కదయ్యా' అన్నాడు. సభ్యులందరూ బల్లలు దిగి, ఒళ్లు విరుచుకుని, 'ఏ బండి? ప్యాసింజరా, గూడ్సా?' అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ప్రధానమంత్రి గారు ఇంజను ఆపేసినవాడిలా కాళ్లు బారజాపి, 'ఒక టీ చెప్పండి, చక్కెర తక్కువ' అన్నాడు."

మాస్టారు కూడా నవ్వడం మానేశాడు. నేను గేటు సంగతే మర్చిపోయాను. ఒప్పుకోవాలి, బాబాయి అబద్ధం చెబుతుంటే నిజం మొహం చూడబుద్ధి కాదు.

"అప్పుడొచ్చింది."

"ఏమిటి?"

"రైలు. పార్లమెంటు లోపలికి. గూడ్సు బండి! అటు ప్రభుత్వం వాళ్లు, ఇటు మనవాళ్లు, మధ్యలో ధడధడా, ధడధడా. ఈ కళ్లతో చూశాను. గార్డు పెట్టె కూడా పోయి గేటు లేచిందో లేదో, అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ తోసుకుంటూ దాటేశారు. మన గేటు దగ్గర మాత్రం ఎవరాగుతారు చెప్పు? దాటాక చూసుకుంటే ప్రభుత్వం వైపు వాళ్ల పార్టీవాళ్లు ముగ్గురే మిగిలారు. ప్రభుత్వం పడిపోవాలి! ప్రధానమంత్రి చేతులు పట్టుకుంటే మనాయనే జాలిపడి, 'పోన్లెండి, ఎవరి చోటికి వాళ్లు వెళ్లండి, నాకు ప్రభుత్వం వద్దు, వంతెన చాలు' అన్నాడు. అక్కడికక్కడే సంతకం!"

"వంతెన వస్తోందా బాబాయ్?"

అడిగింది అక్క. గరిటె చేతిలోనే ఉంది.

"రావడమేమిటమ్మా, వచ్చే నెలలో ఎక్కి తిరుగుతావు!"

అక్క మొహం వాడిపోయింది. ఆ పొయ్యి ఆవిడ అత్తగారి చేతి మీదుగా వచ్చింది. పిల్లలిద్దరూ ఈ బల్ల కిందే పాకి పెద్దవాళ్లయ్యారు. బాబాయి ఆ మొహం చూశాడు. మనసు చివుక్కుమన్నట్టుంది, కానీ కోతలకి రివర్సు గేరు ఉండదు కదా, ముందుకే తోలాడు.

"నీకెందుకమ్మాయ్ దిగులు? నీ సంగతి కూడా ఎత్తాడు! 'అధ్యక్షా, ఆ గేటు దగ్గర మా ఆడపడుచు కొట్టుంది, దానికి ఈగ వాలితే ఒప్పుకోను' అన్నాడు. సభ సభంతా లేచి నిలబడింది. వంతెన మధ్యలో, నడినెత్తిన నీ కొట్టు! ప్రతి బండీ ఆగి టీ తాగి పోవాలని చట్టం! తాగనివాడికి జరిమానా!"

"ఆలూ లేదు చూలూ లేదు, జరిమానా కూడానా," అన్నాడు మాస్టారు. డ్రైవరు మాత్రం పోస్టరులో చిరగని సగం మొహాన్ని దణ్ణం పెట్టేవాడిలా చూస్తున్నాడు.

అక్క గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

"బాబాయ్, ఆ రోజు నువ్వున్నది గ్యాలరీలో కాదు. ఇదిగో, ఈ స్టూలు మీద."

బాబాయి ఆ స్టూలు వంక చూశాడు.

"నా కొట్టు సంగతి కదా అని నేను పొద్దుటి నుంచీ టీవీకే అతుక్కుని ఉన్నాను. నువ్వూ ఉన్నావు. ఎంపీ గారు లేచారు. ముందు బల్లలన్నీ ఖాళీ. 'అధ్యక్షా, మా ఊళ్లో ఒక రైలు గేటు' అన్నారో లేదో గంట కొట్టారు, మైకు కట్టేశారు. ఆయన నోరు కదులుతోంది, మాట రావట్లేదు. నువ్వేమన్నావు? 'నిండు సభలో మనిషి మాట్లాడుతుంటే మైకెవడు కట్టేస్తాడే, నీ టీవీకే ఏదో రోగం' అన్నావు. స్టూలెక్కి వెనక మూత ఊడదీశావు. వైర్లు పీకావు, కలిపావు, పీకావు. లోపలికి తల పెట్టి 'హలో, హలో' అన్నావు. చెమటలు కారుతున్నా దిగలేదు. ఆ రోజు నుంచి నా టీవీకి మాట పడిపోయింది."

అందరం మూల టీవీ వంక చూశాం. అందులో ఎవరో ఏదో చెబుతూనే ఉన్నారు.

"ఇంకొకటి కూడా చెప్పనీ," అంది అక్క, గొంతు మెత్తబడింది. "నువ్వు టీవీ వెనకున్నావు, నువ్వు చూడలేదు, నేను చూశాను. మైకు పోయినా ఆయన కూర్చోలేదు. ఖాళీ బల్లల వంక చూస్తూ చెప్పాల్సిందంతా చెప్పుకుపోయాడు. నా పొయ్యి ఆరిపోయే మాటే అది. అయినా సరే, వినపడితే బాగుండని చెవి రిక్కించాను. నాకు భయమూ వేసింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. కోతలు చాలు. వంతెన సంగతి ఆయన నీకేమైనా చెప్పాడా? అన్నయ్యకి ఏమని చెప్పను?"

బాబాయి లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి, నోరు తెరిచి జవాబు మొదలెట్టాడు.

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది.

బల్ల మీద గ్లాసులు గలగలలాడాయి. కొట్టు రేకులు మోగాయి. బాబాయి ఆపలేదు. నోరు కదులుతోంది, మెడ నరాలు ఉబ్బాయి, ఒక చెయ్యి గేటు వైపు, ఒక చెయ్యి గుండె మీద. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత దగ్గరున్నాను, ఒక్క ముక్క వినపడలేదు. బండి చివరి పెట్టె పోయేసరికి ఆయన చెప్పడం అయిపోయింది, కూర్చుండిపోయాడు.

"ఆ రోజూ అచ్చం ఇంతే బాబాయ్," అంది అక్క.

గేటు లేచింది. వెనక హారన్లు. డ్రైవరు "ఏమన్నాడండీ, ఏమన్నాడు?" అని మమ్మల్ని అడుగుతూనే లారీ వైపు పరిగెత్తాడు. మాస్టారు గొడుగు తీసుకున్నాడు. అక్క ఫోను తీసి, "అన్నయ్యా, మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోలేను, ఆ కొట్టు ఇంకెవరికైనా ఇప్పించు" అని పెట్టేసింది. నేను స్కూటరు తన్నుతూ వెనక్కి చూశాను. బల్లలన్నీ ఖాళీ. అక్క పొయ్యి ఆపేసి, ఆ బుస్సుమనే చప్పుడు కూడా లేకుండా చేసి, స్టూలు లాక్కుని బాబాయి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు బాబాయ్. వినపడుతుంది."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ముందు "హలో" అన్నాడు.